ఇంటివైపు తిరిగే మెడ

2023 ఫిబ్రవరి 7, మంగళవారం. తెల్లవారుజామున కృష్ణానది మీద లేచిన పొగమంచు బందరు కాలవ వెంటే నడుచుకుంటూ విజయవాడ పటమట దాకా వచ్చింది. ఏడున్నర వరకూ ఎదురుగా వచ్చే ఆటో కూడా కనిపించలేదు. ఎనిమిదింటికల్లా మంచు విరిగి, కడిగిన వాకిలిలాంటి ఎండ కాసింది. గాలి లేదు. సైకిలు తొక్కేవాడికి ఎదురుగాలి లేకపోవడం కంటే కావలసిందేముంది?

వెంకటకృష్ణారావు రోజూలాగే యనమలకుదురు దాకా తొక్కి తిరిగొచ్చాడు. అపార్టుమెంటు కింద సైకిలుకి స్టాండు వేసి, పాత బనీను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్ఫై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాడు. రిటైరైన నెలలోనే కొనుక్కున్న హైబ్రిడ్ సైకిలు అది. రేసు సైకిలంత సన్నగానూ ఉండదు, కొండలెక్కే సైకిలంత మొరటుగానూ ఉండదు. రెండువైపులా బంధుత్వం ఉన్న మధ్యవర్తిలాంటిది. తుడుస్తూ తుడుస్తూ హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి గుడ్డపోగు ఒకటి పట్టుకుంది. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. హ్యాండిల్‌ని సైకిలుకి పట్టి ఉంచే ముక్క ఒకటుంటుంది, షోరూముల్లో స్టెమ్ అంటారు. దాని బోల్టు పక్కన వెంట్రుకవాసి పగులు.

రాబోయే ఆదివారం అతను ఆ సైకిలు మీద అవనిగడ్డ వెళ్ళాలి. కరకట్ట మీదుగా అరవై అయిదు కిలోమీటర్లు. ఎందుకు వెళ్ళాలో చెప్పాలంటే రామతులసి గురించి చెప్పాలి.

1984 ప్రాంతంలో రామతులసి అదే ఆఫీసులో ట్రేసరు. కృష్ణారావు పెన్సిలుతో గీసిన బొమ్మని ఆవిడ ట్రేసింగు గుడ్డ మీదకి నల్ల సిరాతో దించేది. ఆ గుడ్డ ఇప్పుడెక్కడా లేదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు ఫెళఫెళలాడేది. పనికిరాని బొమ్మలుంటే ఉతికి గంజి వదిలించి జేబురుమాళ్ళు కుట్టుకునేవాళ్ళు. కృష్ణారావు దగ్గర ఇప్పటికీ ఒకటుంది, మూలన వంతెన పిల్లర్ సగం కనిపిస్తుంది. సరే, అసలు సంగతి. బందరు కాలవ మీద పడవల్ని ఆపి వదిలే ఒక లాకు తలుపులు మార్చడానికి అతను బొమ్మ గీస్తే, రామతులసి పెన్ను ఆపి, "సార్, ఈ తలుపు మీరు ఇటు తిప్పారు. పడవ లోపలికి వస్తుందిగానీ బయటికి పోదు," అంది. నిజమే. దిద్దుకున్నాడు. నాలుగేళ్ళకి ఆవిడకి అవనిగడ్డ సంబంధం కుదిరి ఉద్యోగం మానేసింది. అంతే కథ.

కిందటి కార్తీకంలో పాత ఆఫీసువాళ్ళ వనభోజనాల్లో మళ్ళీ కనిపించింది. భర్త పక్షవాతంతో తొమ్మిదేళ్ళు మంచంలో ఉండి పోయాడట. కృష్ణారావు భార్య పోయి ఆరేళ్ళు. ఫోను నంబర్లు రాసుకున్నారు. మొదట పండగ శుభాకాంక్షలు, తరవాత పచ్చళ్ళ సంగతులు, తరవాత రోజూ ఒక గంట. చివరికి మొన్న ఆదివారం కృష్ణారావు గొంతు సవరించుకుని అడిగేశాడు.

"తులసి గారూ, మనం ఇద్దరం ఒకచోట ఉంటే ఎలా ఉంటుందంటారు?"

అవతల కుక్కరు రెండు విజిల్స్ వేసింది.

"చూడండి కృష్ణారావు గారూ. మంచాన పడ్డ మనిషికి తొమ్మిదేళ్ళు సేవ చేశాను. ప్రేమగానే చేశాను. ఇంకో మనిషికి చేసే ఓపిక నాకు లేదు. మీకు సైకిలుందిగా? వచ్చే ఆదివారం మా ఇంటిదాకా తొక్కుకుంటూ రండి. వస్తే అప్పుడు మాట్లాడదాం. ఆ సాయంత్రమే మా తమ్ముడొస్తాడు. హైదరాబాదులో వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలో వద్దో వాడికి చెప్పేయాలి."

అదీ సంగతి. ఇప్పుడు చూస్తే స్టెమ్‌కి పగులు.

పగులు లేకపోయినా దానితో చిక్కే. పొడుగ్గా, కిందికి ఉండేది. దాని మీదకి వంగి పదిహేను కిలోమీటర్లు తొక్కేసరికి మెడ పట్టేసేది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిలిం చూసి, "మీ మెడ మార్చలేం కదండీ, సైకిలు మెడ మార్చండి," అని నవ్వాడు. కృష్ణారావు నవ్వలేదు. ఇంటికెళ్ళి గ్రాఫు కాగితం తీసి, తనకి కావలసిన ముక్కని అసలు కొలతల్లో గీశాడు. పొడుగు అరవై మిల్లీమీటర్లు. పైకి ముప్ఫై డిగ్రీల వాలు. హ్యాండిల్ పట్టే చోట నాలుగు బోల్టులు.

బుధవారం పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర సైకిళ్ళ షోరూముకి వెళ్ళాడు. కౌంటర్లో ఉన్న కిరీటి ఇంజనీరింగు పూర్తి చేసి, సైకిళ్ళ పిచ్చితో అక్కడ చేరినవాడు. కాగితం చూసి లేచి నిలబడ్డాడు.

"సార్, మీరు ఇంజనీరా?"

"కాదు. ఇంజనీర్ల తప్పులు దిద్దినవాణ్ణి."

కిరీటి గాజు బల్ల మీద మూడు ముక్కలు పెట్టాడు. మొదటిది చూడముచ్చటగా ఉంది. నాలుగు బోల్టులు, కొలతలు అతికినట్టు సరిపోయాయి. ధర మూడు వేల నాలుగొందలు. కృష్ణారావు దాన్ని రెండు చేతులా పట్టుకుని, చంటిపిల్లని తల్లికి తిరిగి ఇచ్చినట్టు ఇచ్చేశాడు. డబ్బు లేక కాదు. బ్యాంకు మెసేజీలు కొడుకు పవన్‌కుమార్ ఫోనుకి వెళ్తాయి. అయిదొందలు దాటితే చాలు, "ఏం కొన్నారు నాన్నా? ఎందుకు నాన్నా?" అని మొదలవుతుంది. ఎందుకో చెప్పే స్థితిలో లేడు. చొక్కా జేబులో ఉన్నదానితోనే పని కావాలి.

రెండోది చవక, నాలుగొందల యాభై. వేలిగోరుతో అంచు మీద గీశాడు. పోత పోసిన అతుకు గోరుకి తగిలింది. రెండే బోల్టులు. పక్కన పెట్టేశాడు. మూడోది వాలు మార్చుకునే రకం, మధ్యలో కీలు ఉంది.

"కరకట్ట అంటున్నారు కాబట్టి చెప్తున్నా సార్," అన్నాడు కిరీటి, మేనేజరు వినకుండా గొంతు తగ్గించి. "ఇది తలుపు బందు లాంటిది. గుంతల్లో పడగా పడగా లూజైపోద్ది. మధ్య దారిలో హ్యాండిల్ కిందకి వాలిందనుకోండి, ముందు పళ్ళు ఎక్కడ పడ్డాయో మీరే వెతుక్కోవాలి."

"మరెలా బాబూ?"

"గట్టిగానూ ఉండాలి, చవగ్గానూ ఉండాలంటే వన్ టౌన్‌లో ఇశ్రాయేలు గారి కొట్టే సార్. కాకపోతే ఆయన స్టెమ్‌లు, ఎవరైనా 'ఎక్కడికి' అని అడిగితే ఇంటివైపు తిరిగే రకం. మా వాటికి ఆ ప్రాబ్లెం ఉండదు. వారంటీ కూడా ఉంది."

"అవును, విన్నాను. బరువెంత ఉంటుంది?"

"నాలుగొందల గ్రాముల పైనే సార్. అదొకటి చూసుకోండి."

కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో, మిరపకాయల గోడౌనుకీ స్టీలు సామాన్ల కొట్టుకీ మధ్య ఇశ్రాయేలు కొట్టు. గొడుగు తెరిస్తే రెండు గోడలకీ తగులుతుంది. డెబ్బై ఆరేళ్ళ ఇశ్రాయేలు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. మేనకోడలు శాలిని చక్రం తిప్పుతూ పుల్లలు బిగిస్తోంది. మిరప ఘాటుకి కృష్ణారావు మూడుసార్లు తుమ్మితే, ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా తుమ్మలేదు.

కాగితం చూసి ఇశ్రాయేలు మురిసిపోయాడు. "బొమ్మంటే ఇదీ! శాలినీ, చూడమ్మా. జనం వచ్చి 'ఇంత పొడుగు' అని వేళ్ళు చూపిస్తారు." బల్ల కింద నుంచి గోనె మూట లాగి, నల్లటి ఇనపముక్క తీసి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని స్టెమ్ అనడు, మెడ అంటాడు. కృష్ణారావు గోరుతో గీశాడు. అతుకు లేదు. బల్ల అంచుకి తాటిస్తే గంటలా మోగింది.

"పోత కాదు."

"కాదండీ. కొలిమిలో కాల్చి సుత్తితో సాగదీసింది. పోతయితే విరుగుద్ది, ఇది ఒంగుద్దేమోగానీ విరగదు. బందరు కాలవ మీద లాకు తలుపులు మార్చినప్పుడు పాతవి తుక్కు కింద వేలంలో పాడుకున్నాను. నూరేళ్ళ ఇనుము సార్."

"ఏ లాకు?"

ఇశ్రాయేలు చెప్పాడు. కృష్ణారావు నోరు తెరిచాడు. "ఆ తలుపులు మార్చమని బొమ్మ గీసింది నేనేనయ్యా!"

"అయితే ముడిసరుకు తమరిదే." ఇశ్రాయేలు నవ్వాడు. "లాకు దగ్గర ప్రతి పడవనీ ఆపి 'ఎక్కడికి?' అని అడిగేవాళ్ళు కదండీ. చీటీ లేకపోతే ఇంటికి పొమ్మనేవాళ్ళు. నూరేళ్ళు అదే మాట విన్న ఇనుము. షరతు తెలుసుగా?"

"బయల్దేరేటప్పుడు ఎవరూ ఎక్కడికి అనకూడదు."

"అదే. కాలు పెడలు మీద పెట్టి కదలబోయేటప్పుడు. కదిలాక ఎవరెంత అరిచినా దానికి పట్టదు. మళ్ళీ కాలు కింద పెట్టారా, మళ్ళీ బయల్దేరినట్టే."

ఎవరైనా బయటికెళ్తుంటే ఎక్కడికని అడగకూడదని మనకి నేర్పనివాళ్ళెవరు? అడక్కుండా ఉండగలిగినవాళ్ళెవరు? కృష్ణారావు డ్రాఫ్ట్స్‌మన్ బుద్ధితో ఒక్కొక్కటీ తేల్చుకున్నాడు.

"దూరమా అంటే?"

"హాయిగా పోద్ది. పెద్దవాళ్ళ మాట కదా."

"యాడికి అంటే?"

దీనికి శాలిని జవాబిచ్చింది. "మాకు కడప కస్టమరు ఒకాయన ఉన్నాడు సార్. వాళ్ళావిడ రోజూ యాడికి అంటదట. ఏమీ కాలేదు. కృష్ణా జిల్లా సరుకు కదా, దానికి ఆ మాట రాదు."

"ఫోన్లో అడిగితే?"

మామా మేనకోడళ్ళు మొహాలు చూసుకున్నారు. "ఇంతవరకూ ఎవరూ కంప్లైంటు తేలేదండీ," అన్నాడు ఇశ్రాయేలు.

"ఇల్లంటే ఏ ఇల్లు? సొంతిల్లా, అద్దె ఇల్లా?"

"అది దానికి తెలుసు సార్," అంది శాలిని. "రేషన్ కార్డులో అడ్రసు చూడదు."

"తిరిగితే మరి?"

"ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగి బయల్దేరండి. మళ్ళీ మామూలే," అన్నాడు ఇశ్రాయేలు.

పక్క సందులో లేతు మీద బెజ్జం సరిపడా తొలిపించి, గంటలో ఎక్కించారు. శాలిని నాలుగు బోల్టులనీ ఎదురెదురుగా, కూరలో ఉప్పు సరిచూసుకున్నట్టు కొంచెం కొంచెంగా బిగించింది. మొత్తం మూడొందల యాభై. కృష్ణారావు ఎక్కి సందు దాటి రోడ్డు మీదకొచ్చాడు. నడుం నిటారుగా ఉంది. మెడ వంగలేదు. ఇన్నేళ్ళూ సైకిలు మీద తను చూసింది ముందు చక్రాన్నీ మున్సిపాలిటీ మ్యాన్‌హోల్ మూతల్నీ మాత్రమేనని ఆ రోజు తెలిసింది. మేడల మీద ఆరేసిన చీరలు కనిపించాయి. కనకదుర్గ కొండ మీద ఎండ కనిపించింది. అరవై నాలుగేళ్ళ మనిషి ఏలూరు రోడ్డు మీద పెద్దగా ఈల వేశాడు.

శనివారం పొద్దున్న కొంచెం దూరం తొక్కి చూద్దామని బయల్దేరాడు. గేటు దగ్గర అంతోని మాస్టారు కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు, ఇప్పుడు కింది ఫ్లాటులో ఉంటాడు. రోజూ వచ్చేపోయేవాళ్ళ హాజరు తీసుకుంటాడు.

"ఎక్కడికి సార్ పొద్దున్నే?"

హ్యాండిల్ చేతుల్లోనే మెల్లగా తిరిగి లిఫ్టువైపు చూసింది. "అయ్యో, మీది ఇశ్రాయేలు గారిదా?" అని అంతోని మాస్టారు లెంపలు వేసుకున్నాడు. కృష్ణారావు పైకెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. ఈసారి పాల ప్యాకెట్ల మనిషి అడిగాడు. తరవాత రెండో అంతస్తు ఆవిడ. తరవాత మళ్ళీ అంతోని మాస్టారే, "ఎక్కడికని అడగనులెండి" అన్నాడు, అందులోనూ ఆ మాట ఉంది కదా!

నాలుగోసారి నీళ్ళు తాగి గ్లాసు సింకులో పెడుతుంటే కోడలు భానుశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడింది. సింకులో నాలుగు గ్లాసులు. స్నానాల గది ముందు నాలుగు జతల తడి అడుగులు. అటు చూసింది, ఇటు చూసింది, మామగారి కొత్త చొక్కా చూసింది.

"దూరమా మామయ్యగారూ?"

ఆ ఒక్క మాటకి కృష్ణారావుకి కళ్ళు చెమ్మగిల్లాయి. "దూరమేనమ్మా. రేపు."

"రోజూ గంటసేపు ఫోన్లో మాట్లాడే దూరమా?"

కృష్ణారావు సింకులో గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. ఆవిడ నవ్వి, "ఆయనతో ఇప్పుడే చెప్పొద్దులెండి. ముందు ఆస్తి అంటాడు, తరవాత పరువు అంటాడు. మీరు వెళ్ళిరండి, నేను చూసుకుంటా," అంది. ఆ సాయంత్రం అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టింది: *రేపు పొద్దున మా మామగారు సైకిలు మీద బయల్దేరతారు. దయచేసి ఎవరూ ఆ మాట అడగవద్దు.* ముప్ఫై ఒక్కమంది బొటనవేళ్ళు పెట్టారు. అంతోని మాస్టారికి వాట్సాప్ లేదు.

ఆదివారం అయిదున్నరకి లిఫ్టు దిగేసరికి మాస్టారు కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. కృష్ణారావు కాలు పెడలు మీద పెట్టాడు. మాస్టారి నోరు తెరుచుకుంది. మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చిన భానుశ్రీ నిమ్మకాయంత బందరు హల్వా ఆ నోట్లో పెట్టేసింది. బందరు హల్వా తిన్నవాళ్ళకి తెలుసు, పళ్ళు ఒకదాన్నొకటి వదలాలంటే అయిదు నిమిషాలు పడుతుంది. "మ్మ్... మ్మ్మ్..." అంటున్న మాస్టారికి చెయ్యి ఊపి కృష్ణారావు రోడ్డెక్కాడు.

కరకట్ట ఎక్కేసరికి తూర్పు ఎర్రబడింది. ఎడమ పక్క అరటి తోటలు, కుడి పక్క లంకల మీద మంచు, దాని కింద కృష్ణ. చోడవరం దాటాడు. మెడ నొప్పి లేదు. గుంతలో పడ్డప్పుడల్లా ఇనప మెడ 'ఊఁ' అని భరించిందేగానీ సడల్లేదు. ఇలా తొక్కితే పదిన్నరకల్లా అవనిగడ్డలో ఉంటాననుకున్నాడు. ఏం మాట్లాడాలో కూడా గాలిలో అనుకుంటూ పోయాడు. రొయ్యూరు దగ్గర, మనుషులెవరూ లేని చోటు చూసి, కాలు కింద పెట్టి అరటిపండు తిన్నాడు. మళ్ళీ పెడలు మీద కాలు పెట్టాడు. ఫోను మోగింది. భానుశ్రీ అయి ఉంటుందని స్పీకరు నొక్కాడు.

"నాన్నా! లేచి చూస్తే లేరు. ఎక్కడికి వెళ్ళారు?"

పవన్‌కుమార్.

హ్యాండిల్ కొట్టం గుర్తొచ్చిన ఎద్దులా తిరిగింది. అటు లాగాడు, ఇటు లాగాడు. నూరేళ్ళ ఇనుము, పెన్షనరు చేతులకి లొంగుతుందా? వెనక్కి ఇరవై కిలోమీటర్లు. కట్ట మీద ట్రాలీ ఆటో ఒకటి పోతోంది. చెయ్యెత్తితే సైకిలు వేసుకుని అవనిగడ్డలో దింపేస్తాడు. కానీ ఆవిడ తొక్కుకుంటూ రమ్మంది. ఆటోలో దిగి, వీధి చివర ఎక్కి, తొక్కినట్టు చెమట తుడుచుకునే మనిషి ఎవరికి కావాలి?

వెనక్కి తొక్కాడు. ఎనిమిదింపావుకి ఇంట్లోకి వచ్చేసరికి పవన్‌కుమార్ పేపరు చదువుతున్నాడు. "అదేంటి నాన్నా, వచ్చేశారే?"

కృష్ణారావు కాళ్ళు కడుక్కున్నాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు. భానుశ్రీ మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఈ రోజు ఎవరికీ ఫోను చెయ్యరు మీరు," అంది. తరవాత మామగారి వైపు తిరిగింది. "ఇంకా దూరమేనా మామయ్యగారూ?"

"ఇంకా దూరమేనమ్మా."

రెండోసారి ప్రయాణానికి మంచు లేదు, ఎండ ఉంది. రొయ్యూరు దాటాడు. తోట్లవల్లూరు దాటాడు. గేదెల్ని తోలుకుపోతున్న ముసలమ్మ "యే ఊరు బోతన్నావ్ అబ్బాయ్?" అంది. అబ్బాయ్ అన్నందుకు ఆగి దణ్ణం పెట్టాలనిపించిందిగానీ ఆగలేదు. కృష్ణ ఒడ్డునే ఉన్న ఇంకో శ్రీకాకుళం దగ్గర పసుపు ఆరబోసిన వాసనకి ఆకలి లేచింది. మోపిదేవిలో చెరకురసం తాగి కదలబోతుంటే బండివాడు మర్యాదగా, "సార్, ఎక్కడి..." అన్నాడు. వెనక నుంచి చెరకు ట్రాక్టరు హారన్ కొట్టింది. ఆ మాట చివరి అక్షరాన్ని హారన్ మింగేసింది. కృష్ణారావు ఆ ట్రాక్టరుకి జన్మంతా రుణపడి ఉన్నాడు. పులిగడ్డ దగ్గర నది మీద వంతెన, వంతెన మీద కాలవ. నీటి మీద నీరు నడిచే ఆ కట్టడం చూస్తే పాత ఉద్యోగం గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. పిక్కలు పట్టేశాయి. మెడ మాత్రం నిటారుగానే ఉంది.

రామతులసి ఇంటి ముందు దిగేసరికి రెండు నలభై.

ఆవిడ వరండాలో నిలబడి ఉంది. అరవయ్యేళ్ళు, నేత చీర, చెవి వెనక పెన్సిలు పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. లోపల పెట్టెలు రెండు కట్టి ఉన్నాయి.

"వచ్చారా!" అంది. తరవాత మొహం వాడిపోయింది. "పన్నెండు దాకా చూశానండీ. రారనుకున్నాను. మా తమ్ముడికి ఫోన్ చేసి వచ్చేస్తానని చెప్పేశాను. వాడు వ్యాను కూడా మాట్లాడేశాడు."

కృష్ణారావు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "రొయ్యూరు దగ్గర మావాడు ఫోన్లో అడిగాడండీ. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను."

"అయ్యో!" ఆవిడ లెక్క వేసుకుంది, ట్రేసరు కదా. "నూట అయిదు కిలోమీటర్లు తొక్కారా?"

"అంతే ఉంటుంది."

ఆవిడ అన్నం పెట్టింది. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డ పెరుగు. ఇద్దరూ ఆఫీసు కబుర్లు చెప్పుకుని నవ్వుకున్నారు. తమ్ముడికి ఇచ్చిన మాట సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. మాటంటే మాటే. ఆ విషయంలో ఇద్దరూ పాతకాలం మనుషులు. నాలుగింటికి కృష్ణారావు లేచాడు. "వస్తానండీ. బస్టాండులో బస్సు మీద సైకిలు వేయించుకుంటాను," అన్నాడు. ఈల వేసిన మనిషి గొంతు కాదు అది.

సైకిలుని గేటు దాటించి, విజయవాడ రోడ్డు వైపు తిప్పి పెట్టుకున్నాడు. కాలు పెడలు మీద వేశాడు. ఆ కాలు వణకడం రామతులసి చూసింది. ఆపుకోలేకపోయింది.

"ఈ ఎండలో, ఈ కాళ్ళతో ఎక్కడికండీ?"

అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కృష్ణారావు కంగారుపడలేదు. ఇల్లున్నది విజయవాడలో. సైకిలు అటే చూస్తోంది. తిరగడానికేముంది?

హ్యాండిల్ తిరిగింది. మెల్లగా, లాకు తలుపు తెరుచుకున్నంత నిదానంగా, ముందు చక్రాన్ని లాక్కుంటూ, రోడ్డు వదిలి పూర్తిగా వెనక్కి తిరిగింది. గేటు మీదుగా, వరండా మీదుగా, తెరిచి ఉన్న తలుపు లోపలికి చూస్తూ ఆగింది. కృష్ణారావు పట్టుకుని లాగాడు. కదల్లేదు.

"ఇశ్రాయేలు కొట్లోదా?" అంది రామతులసి.

"అవునండీ."

"ఇంటివైపే కదూ అది తిరిగేది?"

"ఇంటివైపేనండీ."

వీధిలో కొబ్బరికాయల బండి ఒకటి పోయింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. రామతులసి గేటు రెండో రెక్క కూడా తెరిచింది.

"కాళ్ళు కడుక్కోండి. మంచినీళ్ళు తెస్తాను," అంది. లోపలికి వెళ్తూ ఫోను తీసింది. "తమ్ముడూ, ఆ వ్యాను వద్దని చెప్పరా."

మార్చిలో ఇద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకాలు భానుశ్రీ, అంతోని మాస్టారు చేశారు.

ఆ మరుసటి ఏడు వానాకాలంలో ఇశ్రాయేలు పోయాడు. కొట్టూ, గోనె మూటలో మిగిలిన రెండు మెడలూ మేనకోడలు శాలినికి రాశాడు. కొలతలు చూసే పాత వెర్నియరు కొడుకు ఫిన్నీకి దక్కింది. అతను దాన్ని దండెం మీద బట్టలకి క్లిప్పులా వాడుతున్నాడని శాలిని బాధపడుతుంది. రామతులసి తన ఇల్లు తన పేరునే ఉంచుకుంది. కృష్ణారావు ఆస్తిలో తన పేరు ఎక్కడా రాయొద్దని ముందే చెప్పింది.

ఇక పటమట ఫ్లాటు. దాన్ని కొడుక్కీ కోడలికీ చెరిసగం ఇద్దామని కృష్ణారావు కాగితం రాయించుకుని, అవనిగడ్డ నుంచి సైకిలు మీదే విజయవాడ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే సంచీ తగిలించుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి బయల్దేరి, గేటు దగ్గర కాలు పెడలు మీద పెట్టాడు. బాల్కనీలోంచి పవన్‌కుమార్ తొంగి చూసి, "ఎక్కడికి నాన్నా?" అన్నాడు. హ్యాండిల్ అవనిగడ్డ వైపు తిరిగింది. అరవై అయిదు కిలోమీటర్లు తొక్కి ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, ఆ కాగితం చింపి వేరేది రాయించాడు. ఫ్లాటు మొత్తం భానుశ్రీకి వెళ్ళింది.

పవన్‌కుమార్‌కి ఏమీ రాలేదు. ఉండటం మాత్రం అక్కడే ఉంటున్నాడు. అతను చెప్పులేసుకున్నప్పుడల్లా వంటింట్లోంచి భానుశ్రీ గట్టిగా అడుగుతుంది, "ఎక్కడికి?" అని.